కోడి కాళ్ల గజ్జి – మా వీధంతా కలిసి చేసుకున్న వైద్యం

ఈ ఏడాది తమ సంఘం చేసిన ఒక పని గురించి చెప్పమని మమ్మల్ని పిలిచారు. మాకంటే ముందు మాట్లాడిన సంఘాలు పాల కేంద్రం గురించి, బడి పిల్లల యూనిఫాం కుట్టడం గురించి చెప్పాయి. అవి పెద్ద పనులు. మా దగ్గర చెప్పడానికి ఉన్నది కోడి కాళ్లు. నవ్వండి, ఫర్వాలేదు. మా ఊళ్లో కూడా ముందు అందరూ నవ్వారు.

మాది ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. జీడిమామిడి, పామాయిలు, మొక్కజొన్న, పొగాకు పండే నేల. సంఘంలో పన్నెండు మందిమి. తొమ్మిది ఇళ్లలో కోళ్లున్నాయి. వందల్లో ఎవరికీ లేవు. ఒకరికి నాలుగు పెట్టలు, ఒకరికి పదకొండు, అంతే. ఎక్కువ నాటు కోళ్లే. రెండిళ్లలో వనరాజ, గ్రామప్రియ కోళ్లున్నాయి. అవి హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరట్లో పెంచుకోవడానికని తయారుచేసిన రకాలు.

అప్పు కోసం సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడు గేదె అని రాస్తాం, కుట్టు మిషను అని రాస్తాం, కిరాణా కొట్టు అని రాస్తాం. కోడి అని ఎవరమూ రాయం. దానికి అప్పు తేలేదు కాబట్టి లెక్కా లేదు. కానీ పిల్లాడి పెన్సిలు, ఆశుపత్రికి ఆటో చార్జీ, పొదుపు కట్టే రోజు తక్కువైన ఇరవై రూపాయలు ఎక్కడి నుంచి వస్తున్నాయో మనకు తెలుసు. పొగాకు డబ్బు, మొక్కజొన్న డబ్బు మగవాళ్ల చేతికి వస్తాయి. గుడ్ల డబ్బు మన కొంగులోకే వస్తుంది. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా వైపు సంక్రాంతి పుంజులకు జరిగే మర్యాద మీరందరూ చూసిందే. బాదంపప్పు, కీమా, ఉడికించిన గుడ్లు, పొద్దున్నే ఈత, ఒళ్లు కాపడం. పుంజు కాలికి చిన్న గీత పడితే ఇంట్లో మగవాళ్లకు అన్నం సహించదు. అదే పెరట్లో తిరిగే పెట్ట కుంటుతుంటే, ముసలిదైపోయింది, కోసేద్దాం అంటారు. ఏడాదికి మూడుసార్లు పిల్లల్ని లేపే పెట్టను చూసేవాళ్లు లేరు. మేము ఆ పెట్టల సంగతి చెప్పడానికే వచ్చాం.

పోయిన వర్షాలు తగ్గాక మా వీధిలో కోళ్ల కాళ్లు మారడం మొదలైంది. కాళ్ల మీద తెల్లగా సున్నం అంటినట్టు పొడి. తర్వాత పొలుసులు లేచి, కాలు లావెక్కి, చెట్టు బెరడు లాగా గరుకైపోయింది. ముందు ఒక ఇంట్లో, తర్వాత ఎదురింట్లో. కోళ్లు ఒంటికాలి మీద నిలబడుతున్నాయి. రాత్రిపూట కాలు ముక్కుతో పొడుచుకుంటున్నాయి. పరుగెత్తి గింజ ఏరుకునే పెట్ట ఒక మూల కూర్చుంటోంది. తిండి తగ్గితే గుడ్డూ తగ్గుతుంది కదండీ.

మా సంఘంలో ఒక వదిన దసరా ముందు మూడు పెట్టల్ని సంతకు తీసుకెళ్లింది. బ్యాంకు వాయిదా కట్టాల్సిన వారం. బేరగాడు తూకం వేయకముందే కాళ్లు ఎత్తి చూశాడు. రోగం కోళ్లమ్మా అని మూడింటికీ కలిపి ఒక కోడి ధర చెప్పాడు. ఆమె అమ్మకుండా తిరిగొచ్చేసింది. ఆ నెల వాయిదాకు మేము అంతర్గత అప్పు ఇచ్చాం. ఆ బేరగాడు మోసగాడని మాలో కొందరు తిట్టారు. మాకైతే అలా అనిపించలేదు. కాళ్లు అలా ఉన్న కోడిని మనమైనా కొంటామా? ఆ రోజు మీటింగులో మాట్లాడుకోవాల్సింది బేరగాడి గురించి కాదు, కాళ్ల గురించి అని తేల్చుకున్నాం.

ఇద్దరం కలిసి ఒక పెట్టను గంపలో పెట్టుకుని పశువైద్యశాలకు వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ కాలి మీది పొట్టు కొంచెం గీకి, గాజు పలక మీద వేసి, సూక్ష్మదర్శినిలో చూడమంది. గుండ్రంగా, పొట్టి పొట్టి కాళ్లతో ఒక జీవి కదులుతోంది. సాలెపురుగు, గోమారి ఉన్న జాతిదేనట. అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఉత్త కంటికి కనపడదు. దాని పేరు నెమిడోకాప్టిస్ మ్యూటాన్స్. పేరు నోరు తిరగకపోయినా ఫర్వాలేదు, అది చేసే పని తెలిస్తే చాలు.

ఆరోగ్యంగా ఉన్న కోడి కాలు చూడండి. పెంకుటింటి పెంకుల్లాగా పొలుసులు ఒకదాని మీద ఒకటి చదునుగా పరుచుకుని ఉంటాయి. ఈ పురుగు ఆ పొలుసుల కిందకి దూరుతుంది. పెంకుల సందున తేళ్లు చేరినట్టే. అక్కడే తొలుచుకుంటూ, అక్కడే తింటూ, అక్కడే పిల్లల్ని పెడుతుంది. కోడి ఒంట్లోంచి ఊరే రసి, చచ్చిన చర్మం, పురుగు మలం అన్నీ కలిసి గట్టిపడి ఆ తెల్ల పొట్టు అవుతుంది. కింద పొట్టు పెరిగే కొద్దీ పొలుసు పైకి లేస్తుంది. మామూలుగా వేళ్ల దగ్గర మొదలై పైకి ఎక్కుతుంది. వదిలేస్తే కాలు వంకర పోతుంది, వేళ్లకు రక్తం ఆడక ఎండి రాలిపోతాయి.

ఒక కోడి నుంచి ఇంకో కోడికి ఎలా వెళ్తుందంటే, రాత్రి ఒకే కర్ర మీద కాలు కాలు ఆనించి కూర్చోవడం వల్ల. తల్లి నుంచి రెక్కల కింద ఉన్న పిల్లలకు. సంతలో కొన్న కొత్త కోడి నుంచి పాత కోళ్లకు. ఈ పురుగుకి కోడి ఒళ్లే ఇల్లు. నేలలో, చెత్తలో ఎక్కువ కాలం బతకదు. మన మనుషుల ఒంటి మీద కాపురం పెట్టేది కూడా కాదు. అందుకని ముట్టుకోవడానికి భయపడక్కర్లేదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

డాక్టరమ్మ చెప్పిన ఒక పోలిక మాకు బాగా ఎక్కింది. ఇంట్లో ఒక పిల్లకి గజ్జి వస్తే ఆశుపత్రిలో ఏం చెబుతారు? ఆ పిల్ల ఒక్కదానికే కాదు, ఇంటిల్లిపాదికీ ఒకే రోజు మందు రాయమంటారు. దురద లేనివాళ్లకు కూడా. లేకపోతే ఒకరికి తగ్గేలోపు ఇంకొకరి నుంచి మళ్లీ అంటుకుంటుంది. కోడి గజ్జి కూడా అంతే. కాకపోతే కోడికి ఇల్లంటే మన గోడలు కాదు. మా వీధిలో కోళ్లు పగలంతా కలిసి తిరుగుతాయి. రాత్రి కొన్ని గూటికి వెళ్తాయి, కొన్ని ఎవరి జామచెట్టు మీదో ఎక్కి పడుకుంటాయి. ఇంకొకరి గంపలో దూరి గుడ్డు పెట్టి వచ్చే కోళ్లు కూడా ఉన్నాయి. వాటి మీద ఎన్ని తగాదాలు అయ్యాయో ఇక్కడ చెప్పలేం. అంటే ఆ వీధి అంతా కోళ్లకు ఒకే ఇల్లు.

ఇక్కడే మాకు చిక్కొచ్చింది. మా వీధిలో కోళ్లున్న ఇళ్లు పదమూడు. అందులో తొమ్మిది మా సంఘంవి. రెండు వేరే సంఘంవి. మిగతా ఇద్దరు ఏ సంఘంలోనూ లేరు. వాళ్ల కోళ్లను వదిలేస్తే మా పనంతా వృథా. వాళ్ల కోళ్లకి కూడా నూనె, మందు సంఘం డబ్బుతో కొందామంటే మీటింగులో గొడవైంది. పొదుపు కట్టనివాళ్ల కోళ్లకి మన డబ్బెందుకు అని ఒకామె. మా కోళ్లకు ఏమీ లేదు, మేమెందుకు రాయాలి అని ఇంకొకామె. ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. సంఘం డబ్బుకు లెక్క ఉంటుంది. పుస్తకంలో ఏమని రాస్తాం?

చివరికి సంఘం డబ్బు ముట్టుకోలేదు. ఇంటికి ముప్పై రూపాయలు వేసుకున్నాం. ఏ సంఘంలోనూ లేని ఆ ఇద్దరినీ మా అధ్యక్షురాలు వెళ్లి అడిగింది. ఒకామె వెంటనే ఇచ్చింది. ఇంకొకామె దగ్గర ఆ రోజు డబ్బుల్లేవు. ఆమె ఇంటి వెనక పాత వేపచెట్టు ఉంది. పోయిన వేసవిలో ఏరి గానుగాడించుకున్న వేపనూనె సీసా ఉందని తెచ్చి ఇచ్చింది. అది ముప్పై రూపాయల కంటే ఎక్కువే. తర్వాత మాకు తెలిసిందేంటంటే, వీధిలో అన్నిటికంటే ముదిరిన గజ్జి ఆమె కోళ్లకే ఉంది. చెప్పుకోలేక ఊరుకుంది.

మా కోళ్లకు లేదు అన్నామె ఒప్పుకోవడానికి ఒక వారం పట్టింది. రాత్రి టార్చిలైటు వేసి వాళ్ల పెట్ట కాలి వేళ్ల సందులు చూపించాం. రెండు పొలుసులు లేచి ఉన్నాయి. పగలు చూస్తే మట్టి అనుకుంటాం. మట్టో, గజ్జో తెలుసుకోవడం తేలిక. తడిగుడ్డతో తుడిస్తే మట్టి పోతుంది, గజ్జి పోదు.

ఇప్పుడు వైద్యం ఎలా చేశామో వరసగా చెబుతాం. ఇది కొంచెం నెమ్మదిగా వినండి.

చీకటి పడ్డాకే మొదలుపెట్టాం. చీకట్లో కోడికి చూపు ఆనదు, చేతికి తేలిగ్గా దొరుకుతుంది, బెదరదు. కోడిని కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం మనందరికీ అలవాటే. ఆ అలవాటు ఇక్కడ మానుకోవాలి. నొప్పి ఉన్నది కాళ్లలోనే కదా. రెండు రెక్కల మీదుగా పాత తువ్వాలు చుట్టి, చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు మాత్రం బయటికి ఉంచాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు రాయాలి. ఒంటరిగా చేసే పని కాదు.

ఒక చిన్న బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, ఒంటి సబ్బు కొంచెం కలిపి, కాళ్లు అయిదు నుంచి పది నిమిషాలు నాననివ్వాలి. మోచేతి మీద పోసుకుని చూస్తే మనకు హాయిగా ఉండాలి, అంతకు మించి వేడి వద్దు. పొట్టు మెత్తబడ్డాక పాత పళ్ల బ్రష్షుతో, మెత్తగా ఉన్నదానితో, పైనుంచి కిందికి రుద్దాలి. ఊడేది ఊడుతుంది. ఊడనిదాన్ని గోరుతో పీకకూడదు. మా దగ్గర ఒక పిల్ల ఉత్సాహం కొద్దీ పీకబోయింది, వెంటనే ఆపాం. పొలుసు పీకితే కింద పచ్చి చర్మం, రక్తం వస్తుంది, పుండు పడుతుంది. తర్వాత పొడిగుడ్డతో వేళ్ల సందులతో సహా ఒత్తాలి.

ఆ తర్వాత నూనె. మేము మూడు వంతులు కొబ్బరినూనె, ఒక వంతు వేపనూనె కలిపాం. వాజిలిన్ అయినా పనిచేస్తుంది, ఇంకా ఎక్కువసేపు అంటుకుని ఉంటుంది. నూనె పురుగుని మంత్రం వేసినట్టు చంపదు. పొలుసుల సందులన్నీ మూసుకుపోతే దానికి గాలి ఆడదు, అలా చస్తుంది. అందుకే పైపైన పూస్తే లాభం లేదు. వేలితో కిందనుంచి పైకి, పొలుసు అంచుల కిందకి దిగేలా రాయాలి. ముదిరిన కోళ్లకు డాక్టరమ్మ గంధకం కలిపిన మలాము రాసిచ్చింది. ఈకలకు, పొట్టకు నూనె అంటనివ్వకూడదు. ఈకకు నూనె అంటితే చలికి ఒళ్లు కాపలేదు.

పొదుగు మీద కూర్చున్న పెట్టకు మాత్రం నూనె రాయొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాలి నూనె గుడ్డుకు అంటితే పెంకులో ఉండే సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. లోపలి పిల్లకు గాలి అందదు. అందుకని పెట్టను పొదక్కి వేయకముందే కాళ్లు చూసుకుని వైద్యం చేసేసుకోవాలి. అప్పటికే కూర్చుని ఉంటే పిల్లలు లేచేదాకా ఆగాలి.

ఒక్కసారి రాస్తే పోదండి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మొదటిసారి బతికిన పురుగులు, వాటి పిల్లలు పొలుసుల కింద ఉండే ఉంటాయి. మేము మొదటి రోజు, మూడో రోజు, ఆ తర్వాత వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు రాశాం. సంఘం మీటింగు ఎలాగూ వారం వారం ఉంది కాబట్టి గురువారం సాయంత్రం పొదుపు కట్టడం, రాత్రి కోళ్ల కాళ్లు. ఏ కోడికి రాశామో, ఏ కోడికి రాయలేదో చీకట్లో తెలియడం లేదని ఒక చెల్లి తన గోళ్ల రంగు సీసా తెచ్చింది. రాసిన ప్రతి కోడికీ ఒక గోటికి ఎర్ర రంగు పెట్టాం. గుర్తు కోసం కాలికి దారం కట్టేవాళ్లున్నారు. ఆ దారం సంగతి తర్వాత చెబుతాం.

రెండో వారంలో ఇద్దరు ముగ్గురు భయపడ్డారు. పొట్టు రాలుతుంటే కాలు ఇంకా అసహ్యంగా, ఎర్రగా కనిపిస్తుంది. అది తగ్గే దారిలో పడ్డట్టే. కొత్త పొలుసు రావడానికి నెలలు పడుతుంది. బాగా పాడైన కాలు ఎప్పటికీ కొంచెం గరుకుగానే ఉండిపోవచ్చు. నొప్పి తగ్గి, కోడి మామూలుగా నడుస్తుంటే చాలు.

ఇదే సమయంలో గూళ్లు కూడా శుభ్రం చేశాం. కర్రల్ని వేడి వేడి నీళ్లు పోసి రుద్ది, ఎండబెట్టి, పగుళ్లలోకి వేపనూనె పూశాం. బాగా పుచ్చిపోయిన కర్రలు పొయ్యిలోకి వెళ్లాయి. గోడలకి సున్నం వేశాం, ఆరాకే కోళ్లను వదిలాం. కింద తడిసిన ఊక తీసేసి పొడి ఊక వేశాం. బూడిద గుంటలో పొర్లితే అన్నీ పోతాయని మా అత్తల కాలం నుంచి ఒక మాట ఉంది. బూడిద, పొడి మట్టి ఒంటి మీది పేలకు మంచిదే. కాళ్ల పొలుసుల కింద దాక్కున్నదానికి అది ఒక్కటే చాలదు.

ఇక రాయకూడనివి. కిరసనాయిలు రాయమని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఇప్పుడు కిరసనాయిలు దొరకడం లేదని డీజిలు, పెట్రోలు, మెకానిక్ షెడ్డులో పారబోసిన నల్ల ఆయిలు రాస్తున్నారు. మా పక్క వీధిలో ఒకరి కోడికి అలా రాస్తే కాలంతా బొబ్బలెక్కి చర్మం ఊడింది. గజ్జి పోయిందో లేదో తెలియదు కానీ కోడి పోయింది. అది చర్మంలోంచి ఒంట్లోకి ఇంకుతుంది, కాలు పొడుచుకున్నప్పుడు కడుపులోకి కూడా వెళ్తుంది. ఇంకొకటి, మిర్చితోటకి కొట్టే పురుగుమందు. పురుగే కదా, పురుగుమందు కొడితే చస్తుంది అనుకుంటారు. ఆ కోడి పెట్టిన గుడ్డు మర్నాడు మన పిల్లలే తింటారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. మూడోది, మేకలకు, గొర్రెలకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ మిగిలింది కదా అని కోడి నోట్లో పోయడం. ఆ మందు కోడి గజ్జికి డాక్టర్లు వాడతారు, నిజమే. కానీ మేక బరువెంత, కోడి బరువెంత? మోతాదు డాక్టరే చెప్పాలి. ఆ మందు ఇచ్చాక గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో, అమ్మకూడదో కూడా అడిగి తెలుసుకోవాలి.

లెక్క చెబుతాం. మొదటి రోజు వీధిలో 63 కోళ్లు చూశాం. 26 కోళ్లకు కంటికి కనపడే గజ్జి ఉంది. ఆరు వారాలయ్యాక ఆ 26లో 21 కోళ్ల కాళ్లు శుభ్రపడ్డాయి. మూడింటికి ఇంకో నెల రాయాల్సి వచ్చింది. ఒకటి చనిపోయింది, అది మొదటి రోజుకే తిండి మానేసి ఉంది. ఇంకొకటి వేపనూనె ఇచ్చినామె ఇంటి పెట్ట, దానికి రెండు వేళ్లు అప్పటికే ఎండిపోయి ఉన్నాయి, రాలిపోయాయి. కోసేయమన్నారు. ఆమె కోయలేదు. అది కుంటుతూనే మాఘమాసంలో పదకొండు పిల్లల్ని లేపింది. సంత నుంచి తిరిగొచ్చిన మా వదిన ఆ మూడింటిలో రెండు పెట్టల్ని మళ్లీ అదే సంతకు తీసుకెళ్లింది. బేరగాడు మళ్లీ కాళ్లు ఎత్తి చూశాడట. ఈసారి మాట్లాడకుండా తూకం వేశాడు. మూడోది పొదక్కి కూర్చుంది కాబట్టి అమ్మలేదు. మేమిచ్చిన అంతర్గత అప్పు వడ్డీతో సహా కట్టేసింది.

కాళ్లకు వచ్చే ప్రతిదీ గజ్జి కాదు. మేము కాళ్లు చూడడం మొదలుపెట్టాక వేరేవి కూడా బయటపడ్డాయి. అరికాలు కింద ఆనెకాయలాగా గడ్డ, దాని మధ్యలో నల్లటి చెక్కు ఉన్న కోళ్లు మూడు కనిపించాయి. సర్కారు తుమ్మ ముల్లో, పల్లేరు కాయో, గాజు పెంకో గుచ్చుకున్న చోటు నుంచి క్రిమి లోపలికి పోతే ఇలా అవుతుంది. ఎత్తు మీదనుంచి గట్టి నేల మీదికి దూకే బరువు కోళ్లకు, కరుకు కర్రల మీద కూర్చునే కోళ్లకు ఎక్కువ. మొదట్లోనే చూస్తే గోరువెచ్చని ఉప్పునీళ్లలో పది, పదిహేను నిమిషాలు కాలు నానబెట్టి, తుడిచి, అయోడిన్ మందు రాసి, దూది పెట్టి గుడ్డ కట్టు కట్టాలి. కట్టు రోజూ మార్చాలి. కోడిని పొడి ఊక మీద ఉంచాలి. గడ్డ పెద్దదై గట్టిపడితే బ్లేడు పట్టుకోకండి. లోపల చీము జున్నుగడ్డలా గట్టిగా ఉంటుంది, తీయడం మన వల్ల కాదు, రక్తం ఆగదు. ఆ చీములోని క్రిమి మన చేతి మీద కోత ఉంటే మనకూ అంటుకుంటుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంకా మంచిది, కర్రను తక్కువ ఎత్తులో, రెండంగుళాల వెడల్పుతో, అంచులు చిత్రిక పట్టి నున్నగా వేసుకోవడం.

దారం సంగతి చెబుతామన్నాం కదా. మా సంఘంలో ముగ్గురు కుట్టు మిషను మీద బతుకుతారు. దారం ముక్కలన్నీ గుమ్మం ముందుకే ఊడ్చేస్తాం. తల దువ్వుకుని చిక్కు వెంట్రుకలు గోడవారన పడేస్తాం. కోడి గీరుతూ తిరుగుతుంటే అవి వేళ్లకు చుట్టుకుంటాయి. రోజురోజుకీ బిగుసుకుని వేలు ఉబ్బుతుంది, నల్లబడుతుంది, తెగిపోతుంది. కుంటే కోళ్లలో రెండింటికి గజ్జి లేదు, గడ్డా లేదు, ఈ దారమే. చిన్న కత్తెరతో జాగ్రత్తగా తెంచి, అయోడిన్ రాస్తే వారంలో మామూలుగా నడిచాయి. ఇప్పుడు కుట్టు మిషను ఉన్న ఇళ్లలో దారాలకు ఒక డబ్బా పెట్టాం.

ఒకటి మాత్రం తొందర పడాల్సినది. కాలు మీద ఏ మచ్చా లేకుండా కోడి కాళ్లు చచ్చుబడి, మెడ మెలికలు తిరిగి, పచ్చగా పారుకుంటే అది కొక్కెర తెగులు కావచ్చు. అప్పుడు నూనె రాస్తూ కూర్చోకూడదు. ఆ కోడిని వేరుచేసి వెంటనే పశువైద్యశాలకు చెప్పాలి, లేదా 1962 నంబరుకు ఫోన్ చేయాలి. అది వీధి వీధిని ఊడ్చేస్తుంది. దానికి ముందే వేయించే టీకా ఒక్కటే రక్ష.

ఇంక సమాఖ్యకు మా సంఘం అడిగేవి రెండున్నాయి. జీవనోపాధి కింద కోడిపిల్లలు, పెట్టలు పంచేటప్పుడు బండి దిగిన చోటే కాళ్లు చూసి తీసుకునేలా తీర్మానం చేయాలి. కొత్తగా వచ్చిన కోడిని రెండు మూడు వారాలు పాత కోళ్లతో కలపకుండా వేరే గంప కింద ఉంచమని పంచేటప్పుడే చెప్పాలి. రెండోది, పశుసఖి అక్కల సంచిలో మేకల మందులతో పాటు గంధకం మలాము, అయోడిన్ కూడా ఉండాలి. డాక్టరు రాసిచ్చిన మలాము కోసం మా వాళ్లు బస్సెక్కి వెళ్లాల్సి వచ్చింది. మందు కంటే బస్సు చార్జీ ఎక్కువైంది.

మా వీధిలో ఇప్పటికీ నెలకొకసారి, మొదటి గురువారం రాత్రి, అన్ని ఇళ్ల కోళ్ల కాళ్లూ చూస్తున్నాం. ఆ రెండో సంఘం వాళ్లు కూడా వస్తున్నారు. ఎలా చేస్తున్నామో చూడాలనుకునే సంఘాలు రండి. సాయంత్రం ఏడు దాటాక రండి, ముందొస్తే కోళ్లు చేతికి దొరకవు. టీ మేము పెడతాం. టార్చిలైటు, పాత తువ్వాలు మాత్రం మీరే తెచ్చుకోండి, మావన్నీ నూనె మరకలైపోయాయి.